చెవి కోసిన పుస్తకం

హన్మమ్మ గంపను మూడోసారి బోర్లించింది. చిరిగిన రవిక, పళ్ళూడిన దువ్వెన, రామమ్మ చిన్నప్పటి గాజులు రెండు. పుస్తకాలు లేవు. మొదటిసారి బోర్లించినప్పుడూ లేవు, మూడోసారికి వస్తాయని ఆమె కూడా అనుకోలేదు. గంప ముందు నుంచి లేస్తే మొగుడి మొహం చూడాలి. ఆ పని వాయిదా వేయడానికే బోర్లిస్తోంది.

గూట్లో కొత్త సిల్వర్ చెంబు తళతళా మెరుస్తోంది. పుస్తకాలు ఏమయ్యాయో అది చెప్పకనే చెబుతోంది.

"ఎన్ని పుస్తకాలిచ్చినవ్?" అన్నాడు బిచ్చయ్య.

"ఉన్నవన్ని."

"ఉన్నవన్ని అంటే ఎన్ని?"

"నాలుగు. రామమ్మ ఐదో తరగతివి. అది బడి మానేసి ఐదేండ్లాయె, చెదలు వట్టుకుంట ఉన్నయ్. సిల్వర్ గిన్నెలాయన గంపెత్తుకొని ఒచ్చిండు, పాత పుస్తకాలుంటే తెమ్మన్నడు. ఇచ్చిన. చెంబు కారుతున్నదని పది దినాల సంది సణిగింది నువ్వే గదా."

"చెంబు కారుతున్నదన్న. లెక్కల పుస్తకంల పెట్టిన కాయితం గూడ ఇచ్చెయ్యమన్ననా?"

"దాంట్ల కాయితమున్నదని నాకు జెప్పినవా? ఐదేండ్ల సంది ఒక్కనాడన్న జెప్పినవా?"

బిచ్చయ్య నడుముకు చుట్టిన తువ్వాల విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. కోపం వస్తే వాడకంతా వినబడేలా అరిచే మనిషి. అరవకపోయేసరికి హన్మమ్మకు నిజంగా భయం పట్టుకుంది.

"ఏం కాయితం నాయినా?" అంది రామమ్మ గడప అవతల నుంచి. పదిహేనేళ్ళ పిల్ల. తల్లి చచ్చిన గొర్రెపిల్లకు పాలు తాపుతూ అన్నీ వింటూనే ఉంది.

"కౌలు కాయితం."

పాలు తాపే రామమ్మ చెయ్యి ఆగింది.

ఎల్లుండి సోమవారం వికారాబాద్ కచేరీలో పేషీ. ఏడెకరాల చెలక తనదని, బిచ్చయ్య అందులో జీతగాడే తప్ప కౌలుదారు కాదని పాండురంగం పటేల్ దావా వేశాడు. బిచ్చయ్య తండ్రి బీరన్న నాటి నుంచి దున్నుతున్న చెలక అది. దున్నేవాణ్ణి వెళ్ళగొట్టొద్దని పోలీస్ యాక్షన్ తర్వాత సర్కారు మొహరు వేసి ఇచ్చిన ఆ ఒక్క కాగితం తప్ప చేతిలో వేరే రుజువు లేదు. ఇచ్చేటప్పుడు రెవెన్యూ గిర్దావర్ మరీ మరీ చెప్పాడు, మడత పెట్టొద్దు, మడతల మీద అక్షరాలు పోతాయని. మడత పెట్టకుండా దాచే జాగా ఆ ఇంట్లో కూతురి లెక్కల పుస్తకం ఒక్కటే. చదువు రాని మనిషికి అంతకన్నా భద్రమైన చోటు తోచలేదు. తోచిన సంగతి పెళ్ళానికి చెప్పాలని మాత్రం తోచలేదు.

"నాకు జెప్తే ఊరంత డప్పు గొట్టుకుంట తిరుగుదునా?" హన్మమ్మ గంప పక్కకు తోసేసింది. "ఏమున్నదా కాయితంల, పెండ్లానికి గూడ జెప్పకుంట దాసవట్టినవ్?"

బిచ్చయ్య చెంబును గూట్లోంచి తీసి మళ్ళీ అక్కడే పెట్టాడు.

"గిన్నెలాయన ఏడికి పోయిండు?" అన్నాడు చివరికి.

"పాత పుస్తకాలన్నీ వికారాబాద్ ఆదివారం అంగట్ల ఏస్తనన్నడు. ఆడ కొనేటాయన ఉన్నడంట."

"రేపే ఆదివారం" అంది రామమ్మ. "నేనొస్త నాయినా. నీకు సదువు రాదు గదా, లెక్కల పుస్తకం ఏదో ఎట్ల ఎర్కయితది?"

"చెవి సూస్త."

రామమ్మ మొహం ఎర్రబడింది. ఆ సంగతి ఆమె మరిచిపోలేదు. గొర్రెలు మందలో కలిసిపోతే ఎవరివి ఎవరివో తెలియడానికి ప్రతి ఇంటికీ ఒక చెవికోత ఉంటుంది. బీరన్న ఇంటి గుర్తు చెవి కొసన అడ్డంగా ఒక గాటు. ఆస్తి పంపకాలకు చాలా ముందే అన్నదమ్ములు చెవులు పంచుకున్నారు. కుడిచెవి బిచ్చయ్యది, ఎడమచెవి తమ్ముడు ఎంకయ్యది. కూతురు ఐదో తరగతి పుస్తకాలు తెచ్చుకున్నప్పుడు, పదిమంది పిల్లల పుస్తకాల్లో కలిసిపోతాయేమోనని బిచ్చయ్యకు బెంగ పట్టుకుంది. కత్తెర తీసి నాలుగు పుస్తకాలకూ కుడివైపు పైమూల గాటు పెట్టేశాడు. బడి మొత్తం నవ్వింది. పంతులు కూడా నవ్వాడు. రామమ్మ రెండు రోజులు అన్నం తినలేదు.

"నేను గూడ చెవి గుర్తువడ్త" అంది. "ఇద్దరం ఎతికితే జల్ది దొరుకుతది."

బిచ్చయ్య కూతురి వైపు చాలాసేపు చూశాడు. వద్దనడానికి కారణం వెతుకుతున్నట్టు ఉంది, దొరకలేదు.

"దొరికితే తెరవకు. నా చేతికియ్యి."

"ఎందుకు?"

"ఇయ్యమన్న గదా."

*

మర్పల్లి వైపు నుంచి వచ్చే బస్సు అంగడి దగ్గర దింపేసరికి ఎండ నెత్తికెక్కుతోంది. మిరపకాయల రాశులు, తాళ్ళు, కుండలు, బర్రెల బేరాలు దాటుకుంటూ ఇద్దరూ పాత పుస్తకాలాయన కోసం అడుగుతూ పోయారు. బిచ్చయ్య నడవడం లేదు, ఉరుకుతున్నాడు. రామమ్మ వెనక పడిపోయి రెండుసార్లు పిలవాల్సి వచ్చింది.

పాత పుస్తకాల మత్తయ్య పెద్ద అంగడివాడేమీ కాదు. చర్చి గోడ నీడలో నాలుగు గోనెపట్టాలు, వాటి మీద కుప్పలు. బడి పుస్తకాలు ఒక పట్టా మీద, కథల పుస్తకాలు ఒకదాని మీద, నిరుటి పంచాంగాలు ఒకదాని మీద. నాలుగో పట్టా మీద నిజాం కాలం నాటి ఉర్దూ పుస్తకాలు. వాటిని ఎవరూ ముట్టుకోవడం లేదు.

"ఏం పుస్తకం గావాలె పెద్దమనిషీ?" అన్నాడు మత్తయ్య అద్దాలు సర్దుకుంటూ.

బిచ్చయ్య బడి పుస్తకాల పట్టా ముందు గొంతుకూర్చుని, ఒక్కో పుస్తకం కుడిమూల బొటనవేలితో తడమడం మొదలుపెట్టాడు. అట్ట చూడడు, పేరు చూడడు. మూల తడుముతాడు, పక్కన పెడతాడు. మంద మధ్య కూర్చుని గొర్రెల చెవులు చూసుకునే పద్ధతే అది. కొనడానికి వచ్చిన ఇద్దరు ముగ్గురు వింతగా చూశారు. రామమ్మకు మళ్ళీ ఐదో తరగతి గుర్తొచ్చింది. అయినా ఈసారి సిగ్గుపడే తీరిక లేదు. తండ్రి చూసిన పుస్తకాలే మళ్ళీ తడుముతున్నాడు.

"లెక్కల పుస్తకమయ్యా. ఐదో తరగతిది" అంది. "మొన్న సిల్వర్ గిన్నెలాయన తెచ్చిచ్చిండంట."

"తెచ్చిండు, తెచ్చిండు. గోనె సంచెడు తెచ్చిండు. అట్ట బాగున్నయి ఈడ ఏసిన. అట్ట లేనియి జంగమ్మకు ఇచ్చిన, పల్లీల పొట్లాలకు."

"లెక్కల పుస్తకానికి అట్ట ఉండెనా లేకుండెనా?" అంది రామమ్మ తండ్రితో.

బిచ్చయ్య తల ఎత్తాడు. అట్ట ఉందో లేదో ఆయనకు గుర్తు లేదు. గుర్తు చేసుకోవాలని చూసిన కొద్దీ కాగితం గుర్తొస్తోంది, పుస్తకం గుర్తు రావడం లేదు.

రామమ్మ ఇంక ఆగలేదు. గోడ చివర పల్లీల గంప ముందు కూర్చున్న జంగమ్మ దగ్గరికి ఉరికింది. కట్టిన పొట్లాలు ఇరవై దాకా వరసగా ఉన్నాయి. అన్నిటి మీదా అంకెలే.

"అమ్మా, జర ఈ పొట్లాలు ఇప్పి సూస్త. మళ్ళ నేనే కట్టిస్త."

"ఎందుకు బిడ్డా, పల్లీలు కొనవా?"

"మా భూమి కాయితం దీంట్ల ఉన్నదేమో."

జంగమ్మ ముందు నమ్మలేదు. తర్వాత పిల్ల మొహం చూసి తనే పొట్లాలు విప్పడం మొదలుపెట్టింది. కూడికలు, తీసివేతలు, ఎవరో పిల్లాడు గీసిన రైలుబండి. ఒక్కో కాగితం నున్నగా సాపు చేసి రామమ్మ కుడి పైమూల చూస్తోంది. గాటు లేదు. ఇంకోదానికీ లేదు. ఇరవై కాగితాలకూ లేదు. గాటు లేనందుకు సంతోషించాలో ఏడవాలో తెలియక ఆ పిల్ల విప్పిన కాగితాల్లో పల్లీలు మళ్ళీ కట్టడం మొదలుపెట్టింది.

"నువ్వు పో బిడ్డా, నేను కట్టుకుంట" అంది జంగమ్మ.

తిరిగొచ్చేసరికి బిచ్చయ్య మోకాళ్ళ మీద మూడు పుస్తకాలున్నాయి. తెలుగు వాచకం, భూగోళం, చరిత్ర. మూడింటికీ కుడిమూల గాటు. చరిత్ర పుస్తకం మొదటి పేజీలో తన పేరు వంకర అక్షరాల్లో చూసుకుని రామమ్మ వాటి మీద వేలు పోనిచ్చింది.

"నాలుగోది లేదు" అన్నాడు బిచ్చయ్య. "కుప్పంత సూసిన."

మత్తయ్య అప్పటిదాకా ఆ గాట్లు గమనించలేదు. ఒక పుస్తకం తీసుకుని మూల చూశాడు. అద్దాలు పైకి తోసుకున్నాడు.

"గీ కోత ఉన్నదేనా మీరు ఎతికేది? పొద్దున ఒకాయన కొనుక్కపోయిండు గదా."

"ఎవరాయన?"

"పేరెవరికెర్క. భుజం మీద గొంగడి, నెత్తిన ఎర్ర రుమాలు. గొర్రెపిల్లల్ని అమ్మి ఒస్తున్ననన్నడు. ఈడ నిలవడి, కుప్ప మీదున్నది ఒక్కటి లాగిండు. అచ్చం నీ లెక్కనే మూల తడిమిండు. తెరిచి గూడ సూడలె. గొంగట్ల పెట్టుకొని తాండూరు బండి ఉన్నదని ఉరికిండు."

బిచ్చయ్య లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

ఆ కోత తమ ఇంటిదని తడిమి చెప్పగల మనిషి లోకంలో ఇంకొకడే ఉన్నాడు. ఎంకయ్య. అతని మంద ఇప్పుడు తాండూరులోనే ఉంది. ఎరువు కోసం చెలకల్లో మందలు ఆపించుకుంటారు అక్కడి రైతులు. ఎంకయ్య మంద ఆగింది మాత్రం పాండురంగం పటేల్‌కు అక్కడున్న ఇంకో చెలకలో. ఆ మాట వారం కిందటే ఊళ్ళో వినబడింది.

"చిన్నాయిననా?" అంది రామమ్మ మెల్లగా.

బిచ్చయ్య తల ఊపాడు. కొన్న మూడు పుస్తకాలూ తువ్వాలలో కట్టి కూతురికిచ్చి స్టేషన్ వైపు నడిచాడు. ఈసారి ఉరకలేదు. 

*

పాసింజరు బండి కిటకిటలాడుతోంది. తలుపు దగ్గర కింద కూర్చోవడానికి జాగా దొరికింది.

"చిన్నాయిన ఆ కాయితం పటేల్‌కు ఇస్తడా నాయినా?"

"ఏమో."

"ఇయ్యడు. చిన్నాయిన గట్లాంటోడు కాదు."

"మనిషికి ఎప్పుడేం బుద్ధి పుడ్తదో ఎవరికెర్క బిడ్డా."

ఆ మాట తమ్ముడి గురించే అన్నాడని రామమ్మ అనుకుంది. బిచ్చయ్య తన గురించి అన్నాడు.

కౌలు కాగితం ఇచ్చిన రోజు గిర్దావర్ చెలక గట్టు మీద బిచ్చయ్య ఒక్కడికే చదివి వినిపించాడు. పేర్లు రెండు. బిచ్చయ్య, తండ్రి బీరన్న. ఎంకయ్య, తండ్రి బీరన్న. ఎంకయ్య అప్పుడు మందతో దూరం పోయి ఉన్నాడు. తిరిగొచ్చి, "కాయితం ఎవరి పేరు మీద ఒచ్చిందన్నా?" అని అడిగాడు. "నా పేరు మీద" అన్నాడు బిచ్చయ్య. ఎందుకన్నాడో ఇప్పటికీ ఆయనకే తెలియదు. ఆ క్షణంలో నోటికి అలా వచ్చింది. తర్వాత దిద్దుకోవచ్చులే అనుకున్నాడు. దిద్దుకోలేదు. ఆ మాట మీదే పంపకాలు జరిగాయి. చెలక అన్నకు, గొర్రెల్లో ఎక్కువ వంతు తమ్ముడికి. ఆ మరుసటేడే రోగమొచ్చి తమ్ముడి మంద సగం చచ్చింది. చెలక అలాగే ఉంది.

ఇక అప్పటి నుంచి తమ్ముడి మొహం చూడలేక మాట్లాడడం మానేశాడు. రెండేళ్ళయింది. అన్నదమ్ములు కొట్లాడుకున్నారని ఊరు అనుకుంది. కొట్లాట ఏదీ లేదు. ఎంకయ్య మూడుసార్లు ఇంటికి వచ్చాడు. మూడుసార్లూ బిచ్చయ్య పెరటి దారిన బయటికి పోయాడు.

ఇప్పుడు కాగితం దొరక్కపోతే రేపు చెలక పోతుంది. దొరికితే కచేరీలో నలుగురి ముందు రెండు పేర్లూ చదువుతారు. దొరకాలనే ఆయన దేవుడికి మొక్కుకున్నాడు. ఎవరూ చదవకూడదని కూడా మొక్కుకున్నాడు. ఈ రెండూ ఎలా కుదురుతాయో దేవుడికే వదిలేశాడు.

"నాయినా, ఫికర్ వెట్టుకోకు" అంది రామమ్మ.

ఆయన కూతురి తల మీద చెయ్యి వేసి తీసేశాడు.

*

తాండూరులో దిగి అడిగితే, నిమ్మకాయలమ్మే ఆమె కన్నడం కలిసిన తెలుగులో పటేల్ చెలకకు దారి చెప్పింది. నాపరాళ్ళ గనులు దాటాక, బండలు నిలబెట్టి కట్టిన గోడ అవతల మంద కనబడింది. ఎడమచెవి గాటు గొర్రెలు. బిచ్చయ్య కళ్ళు అలవాటు కొద్దీ లెక్క వేశాయి. నలభై కూడా లేవు. పంపకాల నాడు నూట ఇరవై తోలుకుపోయాడు.

ఎంకయ్య గోడ నీడలో గొంగడి పరుచుకుని కూర్చున్నాడు. అన్నను చూసి లేచి నిలబడ్డాడు. రెండేళ్ళలో గడ్డం తెల్లబడింది.

"ఒచ్చినవా అన్నా" అన్నాడు. కుండలో నీళ్ళు ముంచి రామమ్మకు అందించాడు. "తాగు బిడ్డా. ఎండల వడి ఒచ్చినవ్."

రామమ్మ తాగింది. బిచ్చయ్య గొంతు ఎండిపోయినా నీళ్ళు అడగలేదు.

"నీ గొర్రె ఒకటి తప్పిపోయిందన్నా" అన్నాడు ఎంకయ్య నవ్వుతూ. గొంగడి మడతలోంచి లెక్కల పుస్తకం తీశాడు. "అంగట్ల ఎవరో కుప్పల ఏసిండ్రు. కుడిచెవి. మన చెవి పరాయోని కుప్పల కనబడితే ఎట్ల ఇడిసివెట్టి వస్త? నీ పేషీ రేపని ఇన్న. కచేరి కాడికే తెచ్చిద్దామనుకున్న."

తప్పిపోయిన గొర్రె ఎవరి మందలో కలిసినా చెవి చూసి తెచ్చి అప్పజెప్పాలి. తాతల నాటి కట్టుబాటు. తమ్ముడు పుస్తకం కొన్నది అందుకేనని తెలిసి బిచ్చయ్య మనసు చివుక్కుమంది. పొద్దుటి నుంచి తాను అనుకున్నవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

"లోపల కాయితం ఉన్నదా?"

"ఉన్నది. బండ్ల తెరిస్తే కనబడ్డది. మొహరు సూసి, ఇది కౌలు కాయితమే అనుకున్న. గందుకే మస్తు బయమైంది, నువ్వెంత పరేషాన్ అయితున్నవో అని."

"పటేల్ సూసిండా?"

"సూసిండు. గోడ కాడికి ఒచ్చి, ఏం కాయితంరా ఎంకా, ఇటియ్యి, సదివి చెప్త అన్నడు. నేనియ్యలె. మా ఇంటి కాయితం మా బిడ్డ సదువుతదన్న. మొహం మాడ్చుకొని పోయిండు. రేపటి నుంచి మందను ఈడ ఆపనియ్యడు, ఆపనియ్యకుంటే పాయె."

బిచ్చయ్య చెయ్యి చాచాడు. "ఇటియ్యి. బండికి యాళ్ళయితది."

ఎంకయ్య పుస్తకం అన్నకు ఇవ్వలేదు. రామమ్మకు ఇచ్చాడు.

"ఒక్క నిమిషమన్నా. బిడ్డా, దీంట్ల మా నాయిన పేరు ఉన్నదంట. సర్కారు కాయితం మీద నాయిన పేరు ఎక్కిందని అన్న అప్పుడెప్పుడో జెప్పిండు. నా చేతులకు ఇయ్యాళ్నే ఒచ్చింది. ఒక్కసారి ఇనాలని ఉన్నది. జర సదువు."

"ఇప్పుడేం సదువుడు" అన్నాడు బిచ్చయ్య. "ఇంటికి పోయినంక సదువుతది."

"నువ్వు ఇంటికి రానియ్యవు గదన్నా."

కోపంగా అనలేదు. ఉన్న మాట అన్నట్టు అన్నాడు. బిచ్చయ్య చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

తెరవకు అన్న మాట రామమ్మకు గుర్తుంది. తండ్రి వైపు చూసింది. ఆయన మందను చూస్తున్నాడు. చిన్నాయన చేతులు కట్టుకుని, కచేరీలో నిలబడ్డట్టు, ఆమె ముందు నిలబడ్డాడు. ఆ మనిషికి కాదని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. పుస్తకం తెరిచింది.

కాగితం మడత లేకుండా ఉంది. అచ్చు అక్షరాలు ఉర్దూ, ఆమెకు రావు. నింపిన చోట తెలుగు చేతిరాత.

"బిచ్చయ్య" అని చదివింది. "తండ్రి బీరన్న."

ఎంకయ్య కళ్ళు మూసుకున్నాడు. "నాయినా" అన్నాడు తనలో తను.

రామమ్మ చూపు కింది వరుస మీద పడింది. చదవబోయిన నోరు ఆగిపోయింది. మళ్ళీ చూసింది. అదే చేతిరాత, అదే సిరా. తల ఎత్తి తండ్రి వైపు చూసింది. ఆయన ఇప్పుడు మందను చూడడం లేదు, ఆమెనే చూస్తున్నాడు. తండ్రి తనను చూసి భయపడడం రామమ్మ పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. తెరవకు అని ఎందుకన్నాడో, చిన్నాయన వస్తే పెరటి దారిన ఎందుకు పోయేవాడో ఒక్కసారిగా అర్థమయ్యి ఆమెకు ఏడుపొచ్చింది.

"మంచిగ సదివినవ్ బిడ్డా" అన్నాడు ఎంకయ్య కళ్ళు తెరవకుండానే. "నాయిన పేరు ఇంకొక్కసారి సదువు. ఇంట."

నాయిన పేరు ఇంకొకసారి ఉంది, కింది వరుసలో. దాని ముందున్న పేరు మీదికి రామమ్మ వేలు చేరింది.

"బిడ్డా" అన్నాడు బిచ్చయ్య.

వద్దంటున్నాడో, చదవమంటున్నాడో ఆ గొంతును బట్టి ఆమెకు తెలియలేదు.